నీడను నాటినవారు

న్యూజెర్సీలో నివసించు మా అమ్మాయి తన ఇంటివెనుక మేపుల్ చెట్లనీడలో పెంచిన హోస్టా మొక్క ఛాయాచిత్రమును పంపినది మొదలు, మూరెడు పొడవున పసిమిచాయతో విప్పారు ఆ ఆకులు నా కన్నుల ముందు మెదలుచునే యున్నవి. జపాను, చైనా, కొరియా దేశములలో పుట్టి, ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడైన హోస్ట్ పేరును ధరించిన ఆ జాతిలో, మా అమ్మాయి పెంచిన 'సమ్ అండ్ సబ్‌స్టన్స్' అనునది మిక్కిలి పెద్దరకములలో నొకటి. కాని శీతకాలమున కొన్ని వారములు గాఢమైన చలిలో నిద్రించినగాని హోస్టా మరల పుష్టిగా చిగురింపదు. కర్ణాటకలోని మా పావగడ నేలకు అట్టి చలినిద్ర యెక్కడిది?

అందుచేత విశాలపత్రములపై మక్కువను మన చామగడ్డతో తీర్చుకొన నిశ్చయించితిని. మొదటి యేడు ఆరుబయట నాటగా, చైత్రము ముగియకముందే ఆకుల అంచులు మాడిపోయినవి. మరుసటి యేడు మా నాయనగారు నాటిన కానుగ క్రిందికి పాదును మార్చితిని. వెలుతురు కొరతపడినకొద్దీ ఆకు తన వైశాల్యమును పెంచుకొని దొరికిన కాంతికి దోసిలి పట్టును. అట్లు పెరిగిన ఆకు పలుచనిది గనుక వడగాలికి తాళలేదు. కావున నీడతోబాటు తేమయు కావలెను. కానుగ శిశిరమున రాల్చిన ఆకునే మొదళ్లచుట్టు జానెడు మందమున పరచి, బియ్యము, కూరలు కడిగిన నీటిని అటు మళ్లించితిని. ఇప్పుడు వానచినుకు ఆ ఆకులపై తడి యంటక ముత్యమై దొర్లుచుండగా చూచుట నాకు నిత్యోత్సవము. లేతాకులను చింతపులుసులో ఉడికించిన గొంతు దురద యణగును. జపానువారును హోస్టా లేతమొలకలను కూరగా భుజింతురని విని, ఈ రెండు మొక్కలకు ఏదో చుట్టరికము కలదనిపించినది.

మా తాలూకాలోని తిరుమణి గ్రామము వైపు పోయినప్పుడెల్ల, రైతులు కౌలుకిచ్చిన 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల విద్యుత్తుకై పరచిన సౌరఫలకములు సముద్రమువలె మెరయుచుండును. మా యెండ అంతటి ధనము. అయినను ఆ యెండను ఎదిరించి పదియడుగుల నేలను చల్లగా నుంచుటకు ఒక మనుష్యుడు ముప్పది యేండ్లకు ముందే గుంత త్రవ్వి యుండవలెను. చామను నేను పెంచితినని యిరుగుపొరుగు మెచ్చుకొన్నప్పుడు నాకు నాయనగారే జ్ఞప్తికి వత్తురు.

నిరుటి వానకారున పడమటిగోడ ప్రక్కన మరియొక కానుగ మొక్కను పెట్టితిని. అది యింకను నడుమెత్తే. దాని క్రిందికి మార్చుటకు పాతపాదులో యేటేట కొన్ని పిలకలను త్రవ్వక మిగుల్చుచున్నాను.