‘మ్యాడ్‌విలనీ’ : లాఘవ విచారము

శాస్త్రమునందు లాఘవము గుణము. కావ్యమునందది గుణమో దోషమో యొక్కమాటలో నిర్ణయించుట కష్టము. సూత్రకారుడొక మాత్రను తగ్గించినచో శాస్త్రమునకు బలము చేకూరును. కవి యొక పదమును తగ్గించినచో నొకప్పుడు ధ్వని పుట్టును, ఒకప్పుడు చీకటి పుట్టును. ఈ రెంటికి నడుమనుండు మేర యెచ్చటనో తెలిసికొనుటకు 2004వ సంవత్సరము మార్చి 23వ తేదీన అమెరికా దేశమున వెలువడిన ‘మ్యాడ్‌విలనీ’ యను హిప్‌హాప్ సంపుటము మంచి నిదర్శనము. లాస్ ఏంజలిస్ నగరమందలి ‘స్టోన్స్ త్రో’ అను చిన్న సంస్థ దీనిని ప్రకటించెను. ఇందు 22 భాగములు కలవు. అన్నిటి వ్యవధి కలిపి సుమారు 46 నిమిషములు. అనగా సగటున నొక్కొక్క భాగమునకు రెండు నిమిషములకంటె కొంచెమే యెక్కువ.

హిప్‌హాప్ అనునది న్యూయార్కు నగరమందలి బ్రాంక్స్ ప్రాంతమున 1973లో పుట్టినదని చరిత్రకారులు చెప్పుదురు. కూల్ హెర్క్ అను నతడు రెండు గ్రామఫోను పళ్లెములపై నొకే పాటయొక్క రెండు ప్రతులనుంచి, అందలి మద్దెల మ్రోతమాత్రము మరల మరల వచ్చునట్లు వాయించి జనులచేత నాట్యము చేయించెను. ఆ మ్రోతపై ప్రాసలతో పలుకు పలుకే క్రమముగా ‘ర్యాప్’ అయినది. ఇది పాటయు కాదు, వచనమును కాదు. చతురశ్రగతిలో తాళబద్ధమైన పలుకు. పెద్ద వర్తకసంస్థల ప్రాపును, రేడియో ప్రచారమును కోరక చిన్న సంస్థలద్వారా వెలువడు శాఖకు ‘అండర్‌గ్రౌండ్’ అని పేరు. ప్రస్తుతకృతి యా శాఖలోనిది.

కర్త లిరువురు. మాట కూర్చి పలికినవాడు ఎం.ఎఫ్. డూమ్, నాదము కూర్చినవాడు మ్యాడ్‌లిబ్. డూమ్ అసలు పేరు డానియెల్ డూమిలే. 1971లో లండనునందు పుట్టి, న్యూయార్కు ప్రక్కనున్న లాంగ్ ఐలండునందు పెరిగెను. తమ్మునితో గూడి ‘కె.ఎం.డి.’ యను బృందమును నడిపి, 1991లో తొలి సంపుటమును వెలువరించెను. 1993లో ఆ తమ్ముడు మోటారుకారు క్రింద పడి మరణించెను. మఱుసటి యేడు, ముఖచిత్రముపై పుట్టిన వివాదము వలన, వారి రెండవ సంపుటమును ప్రకటింపవలసిన సంస్థ యా పని మానుకొనెను. అటుపిమ్మట కొన్నియేండ్లు కనబడక, 1999లో ‘ఆపరేషన్ డూమ్స్‌డే’ యను సంపుటముతో మరల వచ్చెను. నాటినుండి లోహపు ముసుగే యతని మొగము. డూమ్ అను పేరును, ఆ ముసుగును, బొమ్మలకథలలోని యొక దుష్టపాత్రనుండి గ్రహింపబడినవి. మ్యాడ్‌లిబ్ అసలు పేరు ఓటిస్ జాక్సన్ జూనియర్. 1973లో కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డునందు పుట్టినవాడు.

ఈ కృతిపై మూడు పూర్వపక్షములు చేయవచ్చును. ఇందలి నాదము పరులది కావున నిది చౌర్యమని మొదటిది. చాల భాగములకు పల్లవి లేదు, ఆద్యంతముల కూర్పు లేదు, కావున నిది తునకల ప్రోవని రెండవది. ప్రాసకై మాటలను దొంతి పేర్చుటయే కాని యర్థపుష్టి లేదని మూడవది. మొదటి రెండును మూడవదానిపై నాధారపడియున్నవి. మాటకు విలువ లేనిచో తక్కిన చర్చ వ్యర్థము. కావున మూడవది ముందు విచారింపదగును.

తెలుగున ప్రాసనియమము హల్లును పట్టుకొని యచ్చును విడుచును. పలుకు, కొలను, మెలగు, విలువ యను పదములు పాదారంభములయందున్నచో ద్వితీయాక్షరమందలి లకారముచేత ప్రాస చెల్లినది. అచ్చులు భేదించినను బాధ లేదు. సంస్కృతాలంకారికులు చెప్పిన యనుప్రాసమును హల్లుల సామ్యమునే ప్రధానముగా గ్రహించును. డూమ్ వాడిన ప్రాస ప్రాయికముగా దీనికి విలోమమైనది. అచ్చుల వరుసయు ఊనికయు నిలుచును, హల్లులు మాఱును. తెలుగులో నుదాహరింపవలెనన్నచో రాతికోట, వానిదోవ, జాలితోడ యను మూడు మాటలను గ్రహింపవచ్చును. వీనియందు ఏ స్థానమునను హల్లు కలియదు; అచ్చులు మాత్రము ఆ, ఇ, ఓ, అ యని వరుస తప్పక వచ్చుచున్నవి. మన ప్రాసకలవడిన చెవికి ఇవి ప్రాసగా తోపవు. డూమ్ శిల్పము కొందఱకు తొలిసారి విన్నపుడు పట్టువడకపోవుటకు నిదియొక కారణము.

1980 ప్రాంతపు ర్యాపునందు ప్రాస సామాన్యముగా పాదాంతమునందే యొకటి రెండక్షరములలో ముగియుచుండెను. 1980లు గడచులోపుగనే కొందఱు కవులు దానిని పాదమధ్యమునకు తెచ్చిరి. డూమ్ ఆ మార్గమునే మిక్కిలి దూరము కొనిపోయెను. ‘ఫిగారో’ యను భాగమునందు మూడు నాలుగక్షరముల యచ్చువరుస యొకటి పాదాంతమున పుట్టి, తరువాతి పాదముల మధ్యమునకు జరిగి, మరల చివరకు వచ్చును. వైయాకరణులు దీనినెఱుగుదురు. పూర్వసూత్రమందలి పదము పరసూత్రములయందు మరల చెప్పబడకయే వచ్చుట అనువృత్తి. ఇచ్చట నర్థమునకు బదులు నాదము అనువృత్తమగుచున్నది. వాక్యము విషయాంతరమునకు దుమికినను, నాదపు తాడు తెగదు గనుక శ్రోత దారితప్పడు. అర్థపు సంధులను విడిచిపుచ్చుటకు కవికి ధైర్యమిచ్చినది యీ తాడే.

ఆకాంక్షను మోసపుచ్చుట యతని రెండవ నేర్పు. ప్రాసబలముచేత శ్రోత యొక మాటకై, పెక్కుమాఱులు అశ్లీలమైన మాటకై, ఎదురుచూచును. కవి దానిని మింగి, వేఱొక సాధువైన మాటను పెట్టును. పలుకబడిన మాట యొకటి, వినబడిన మాట మఱియొకటి. ఒక్క పదపు వ్యయముతో రెండు పదముల ప్రయోజనము సిద్ధించినది. దీనిని హాస్యమునకై చేసిన చమత్కారమని త్రోసివేయరాదు. శ్రోతయే పద్యమును పూర్తిచేయునట్లు చేయు లాఘవమిది.

ఇక రెండవ పూర్వపక్షము. పల్లవి యేల వచ్చును? చెప్పినదానిని స్థిరపఱచుటకును, శ్రోతకు విశ్రాంతి నిచ్చుటకును. ‘అకార్డియన్’ అను భాగమును చూడుడు. రెండు నిమిషములైన నిండని యీ భాగమున అకార్డియన్ వాద్యపు చిన్న నాదఖండమొకటి మొదటినుండి కడవఱకు తిరుగుచునేయుండును. ఆవృత్తి నాదమునందే యున్నపుడు మాటయందు మరల నావృత్తి పునరుక్తి యగును. కావున మాట యొక్కపట్టున సాగి, చెప్పవలసినది ముగియగానే యాగును. ఏకపద్యముక్తకమునకు పల్లవి లేదని యెవరును నిందింపరు. ఇవి ముక్తకములు, సంపుటము ముక్తకకోశము.

నాదము పరులదను నాక్షేపము సత్యమే. ‘అకార్డియన్’ నందలి ఖండము 2002లో డేడలస్ అను వాద్యకారుడు వెలువరించిన రచనలోనిది. ‘రెయిడ్’ అను భాగము బిల్ ఎవాన్స్ పియానోతో నారంభమై, వెంటనే బ్రెజిల్ పాటయొక్క తునకలోనికి మాఱును. కాని సత్యమైన మాట యెల్ల దోషారోపము కాజాలదు. రాజశేఖరుడు కావ్యమీమాంసయందు శబ్దహరణమును, అర్థహరణమును అధ్యాయములుగా విభజించి, ఏది గ్రాహ్యమో యేది త్యాజ్యమో చర్చించెను. గ్రహించినవాడు దానినేమి చేసెనన్నదే యచ్చటి ప్రశ్న. ‘స్ట్రేంజ్ వేస్’ అను భాగమున జెంటిల్ జయింట్ అను ఆంగ్లబృందము పాడిన పాటలోని కంఠధ్వనియే వినవచ్చును. మూలమునందది యొక వ్యక్తియొక్క వింతనడవడినిగూర్చిన మాట. ఇచ్చట పోలీసులను, మత్తుమందుల వర్తకులను, యుద్ధమును వర్ణించు మాటల నడుమ చేరి, లోకపు వింతనడవడిని చెప్పునదయ్యెను. అక్షరము మాఱలేదు, అర్థము మాఱినది. సమస్యాపూరణము నెఱిగినవారికి దీనిని చౌర్యమనుటకు నోరాడదు.

ఈ నాదశిల్పమునకు వాడిన పరికరములును స్వల్పములే. 2002లో మ్యాడ్‌లిబ్ బ్రెజిల్ వెళ్లినపుడు, సావో పాలో నగరపు హోటలు గదిలో, చేత పట్టుకొనిపోదగిన గ్రామఫోనును, ఎస్.పి. 303 అను చిన్న శాంప్లర్ యంత్రమును, క్యాసెట్టు యంత్రమును మాత్రముంచుకొని యిందలి కొన్ని నాదములను కూర్చెను. పాతరికార్డునుండి కొన్ని క్షణముల నాదమును కోసి, శ్రుతిని మార్చి, చక్రమువలె త్రిప్పుట యీ యంత్రముల పని. పళ్లెముపై దుమ్ము చేయు చిటపటలను అతడు తుడువలేదు. శ్రుతికటుత్వము రౌద్రాదులయందు గుణమగునని యాలంకారికులు చెప్పిన న్యాయమిచ్చట నన్వయించును. దుష్టపాత్ర కథానాయకుడైన కృతికి నునుపైన నాదము అనుచితము. ఇతడే 2007లో భారతదేశపు చలనచిత్రసంగీతపు తునకలతో ‘బీట్ కండక్టా’ శ్రేణిలోని మూడవ, నాల్గవ సంపుటములను కూర్చెను. కావున నీ పద్ధతి మనకు పూర్తిగా పరాయిది కాదు.

పరిశోధకులకు మిక్కిలి యుపయుక్తమైనది ఈ కృతియొక్క పాఠభేదము. పని పూర్తికాకమునుపే, ప్రకటనకు సంవత్సరముకంటె ముందుగా, దీని చిత్తుప్రతి దొంగలింపబడి ఇంటర్నెట్టుద్వారా లోకమునకు ప్రాకెను. కర్తలు కొంతకాలము పని విడిచి, పిదప మరల చేపట్టిరి. డూమ్ తన పలుకును మరల రికార్డు చేయించెను. తొలిపాఠమున కంఠము హెచ్చుస్థాయిలో నుత్సాహముతో నుండును. ప్రకటితపాఠమున కంఠము దిగి, వేగము తగ్గి, ప్రక్కనున్నవానితో మాటాడునట్లుండును. రెండు పాఠములను పోల్చినవారికి లాఘవమనగానేమో స్పష్టమగును. ప్రాసలు దట్టమైనచోట కంఠము కూడ హెచ్చినచో, ఒక్క ప్రయత్నమునే రెండుసార్లు చూపినట్లగును. కంఠము తగ్గగానే మాట తనంత తాను వెలిగినది. చివరి భాగమైన ‘రైన్‌స్టోన్ కౌబాయ్’ నందు కవి యీ దొంగతనమును తానే ప్రస్తావించెను. నష్టము సయితము కృతిలోని విషయమైనది.

ముసుగుకూడ నీ లాఘవమునందలి భాగమే. రూపమునుగాక మాటను గమనింపుడని చెప్పుటకే దానిని ధరించితినని డూమ్ పలుమాఱు చెప్పెను. పద్యములలో తన్ను తాను ప్రథమపురుషముననే చెప్పుకొనుట యతని యలవాటు. శతకకవుల మకుటమువలె నా పేరు మరల మరల వచ్చును. ‘ఆల్ క్యాప్స్’ అను భాగమున తన పేరును పెద్దబడి యక్షరములతోనే వ్రాయవలెనని శాసించెను. పెద్దబడి, చిన్నబడి భేదము లేని తెలుగులిపిలో నా యాజ్ఞను పాలించుటకు వీలులేదు. ‘ఫ్యాన్సీ క్లౌన్’ అను భాగమున విక్టర్ వాన్ అను పాత్ర, తన్ను విడిచి ముసుగువానిని వరించిన స్త్రీని నిందించును. ఆ పాత్రను పలికినవాడును డూమే, నిందింపబడిన ముసుగువాడును డూమే. రెండు మొగములు, ఒక్క కంఠము. వివరణవాక్య మొక్కటియు లేదు. ఏకపాత్రాభినయమున నింత తక్కువ సామగ్రితో నింత పని చేయుట యరుదు.

దోషములు లేకపోలేదు. ‘అమెరికాస్ మోస్ట్ బ్లంటెడ్’ అను భాగము గంజాయి ప్రశంస. అందు చమత్కారము కలదు గాని వస్తువు తేలిక. ‘ఫ్యాన్సీ క్లౌన్’ నందలి స్త్రీనింద పాత్రోచితమని సమర్థింపదగినను, ఆమెకు మాఱుపలుక నవకాశమే లేకపోవుట వెలితి. అన్నిటికంటె గొప్ప దోషము, కొన్నిచోట్ల న్యూయార్కు వీథులకును, ఆ కాలపు టెలివిజనుకును మాత్రమే తెలిసిన వస్తువుల పేర్లపై నర్థమంతయు నిలుచుట. అచ్చట వ్యాఖ్యానము లేనిదే పద్యము కదలదు. కావున మేర యిట్లు నిర్ణయింపదగును. విడువబడినదానిని శ్రోత కృతిలోని సామగ్రితోనే, అనగా ప్రాసచేతనో, ఆకాంక్షచేతనో, పాత్రౌచిత్యముచేతనో పూరించుకొనగలిగినచో లాఘవము గుణము. కృతికి వెలుపల వెదకవలసివచ్చినచో దోషము. ఈ తూనికపై ‘మ్యాడ్‌విలనీ’ యందలి భాగములలో పెక్కులు గుణపక్షముననే నిలుచును.

వెలువడినప్పుడు పెద్ద విక్రయము లేని యీ కృతిని, 2020లో ‘రోలింగ్ స్టోన్’ పత్రిక సర్వకాలములలోను శ్రేష్ఠములైన 500 సంపుటములలో నొకటిగా లెక్కించెను. ఆ సంవత్సరమే అక్టోబరు 31వ తేదీన డూమ్ మరణించెను. ఆ వార్త లోకమునకు డిసెంబరు 31వ తేదీననే తెలిసినది. ముసుగువాడు పోయిన రెండు నెలలకు గాని పోయినాడని లోకమెఱుగదు. మొగముతో పనిలేకయే మాట నిలువవలెనని యతడు పూనిన పూనిక యా రెండు నెలలును తనంత తానే చెల్లినది. యంత్రముపై పుట్టిన పలుకు కావ్యచర్చకు తగదని ముందే నిశ్చయించుకొన్నవారు, ఈ సంపుటమును ముమ్మాఱు విని, రెండు పాఠములను పోల్చి, పిదప తమ నిశ్చయమును మరల విచారింతురు గాక.