బాణం గుర్తుకి అటూ ఇటూ

సాహిత్య పత్రికలో సైన్సు పేపరు గురించి రాయడమేంటని అడగొచ్చు. ఈ మధ్య చదివినవాటిలో నన్ను ఇంతగా కూర్చోబెట్టి చదివించింది ఇంకోటి లేదు, అందుకు. 2012 ఆగస్టులో 'సైన్స్ ట్రాన్స్‌లేషనల్ మెడిసిన్'లో ఎవాన్ స్నిట్కిన్, జూలీ సెగ్రే, తారా పామోర్ తదితరులు రాసిన వ్యాసం ఇది.

చోటు అమెరికాలోని బెథెస్డా, ఎన్‌ఐహెచ్ క్లినికల్ సెంటర్. 2011 జూన్‌లో న్యూయార్క్ ఆసుపత్రి నుంచి ఒక 43 ఏళ్ళావిడని తీసుకొచ్చారు. ఆవిడ ఒంట్లో యాంటీబయాటిక్స్‌కి సులువుగా లొంగని క్లెబ్సియెల్లా న్యుమోనియే ఉందని ముందే తెలుసు. విడిగా ఉంచారు, జాగ్రత్తలు పడ్డారు. జూలై 15న ఆవిడ డిశ్చార్జయింది. మూడు వారాలకి ఇంకొకరిలో అదే బాక్టీరియా బయటపడింది. ఆ తర్వాత దాదాపు వారానికొకరు. మొత్తం 18 మంది. 11 మంది పోయారు, అందులో ఆరు చావులు దీనివల్లేనని తేల్చారు.

ఇది ఆవిడ నుంచి వచ్చిందేనా? కథంతా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. పాత పద్ధతి ఏంటంటే, బాక్టీరియా డీఎన్‌ఏని ఎంజైముతో ముక్కలు చేసి, దిశ మారుతుండే కరెంటు పెట్టి జెల్‌లో పరిగెత్తించి, ఏర్పడ్డ చారల్ని పోల్చడం. కానీ అమెరికాలో ఈ మొండిరకం క్లెబ్సియెల్లా చాలావరకు ఎస్‌టీ258 అనే ఒకే వంశానిది. ఊరంతా ఒకే ఇంటిపేరున్న చోట ఇంటిపేరుతో మనిషిని పట్టుకోవాలన్నట్టు! అందుకని మొత్తం జీనోమ్‌నే చదివారు. సుమారు అరవై లక్షల అక్షరాలు. రోగులందరి నుంచీ తీసిన నమూనాల్లో కలిపి తేడా ఉన్నది 41 చోట్ల.

రోజూ కోడ్‌లో డిఫ్‌లు చూసే నాకు ఇది అలవాటైన పనే. అయితే చదువుతుంటే గుర్తొచ్చింది ఆఫీసు కాదు, తాళపత్రాలు. వేమన పద్యాల ప్రతులు పోగేసి పోల్పించిన బ్రౌన్ గుర్తొచ్చాడు. ఏ ప్రతి దేనికి నకలో చెప్పేవి సరిగ్గా రాసిన మాటలు కావు, లేఖకుల తప్పులు. ఇక్కడా అంతే. ఒకరి నమూనాలో ఉన్న తప్పు ఇంకొకరి నమూనాలోనూ ఉంటే, ఆ ఇద్దరికీ చుట్టరికం. అలా చూస్తే మొదటావిడ నుంచే కనీసం మూడుసార్లు విడివిడిగా బయటికొచ్చిందని తేలింది. బయటపడ్డ వరస వేరు, పాకిన వరస వేరు. శుభ్రం చేశాక కూడా ఒక వెంటిలేటర్ మీద ఇదే దొరికింది. ఇంత బిగువైన కథనం మన డిటెక్టివ్ నవలల్లో తక్కువే.

నా పేచీ ఆ బొమ్మతో. రోగి నుంచి రోగికి బాణాలు గీశారు. మధ్యలో పరికరమో, కనిపెట్టని ఇంకో రోగో ఉండొచ్చని వ్యాసకర్తలు ఒప్పుకుంటారు, నిజమే. అయినా కంటికి ఆనేది బాణమే. మంచం దిగలేని మనిషి ఇంకో మంచం దాకా దాన్ని ఎలా మోసుకెళ్తాడు? చేతులు కావాలి, ట్రాలీ కావాలి, ట్యూబు కావాలి. బొమ్మలో అవేవీ లేవు, నెంబర్లేసిన రోగులే ఉన్నారు. ఇంకోటి, ఈ సంగతి బయట జనానికి తెలిసింది కూడా ఈ వ్యాసం వచ్చాకే. వాషింగ్టన్ పోస్ట్‌లో రాగానే, ఏడాది పాటు ఎందుకు చెప్పలేదని గొడవైంది. వ్యాసం మాత్రం గెలుపు కథలాగే చదివిస్తుంది.

ఇదంతా నాకెందుకంటే, నాన్న తుంటి ఆపరేషన్‌కని వెళ్ళి తొమ్మిదో రోజు ఐసీయూలో పోయారు. ఫైల్లో క్లెబ్సియెల్లా అని ఉంది. డాక్టరుగారు "ఇన్ఫెక్షన్ సోకిందండీ" అన్నారు. సోకడానికి కర్త అక్కర్లేదు, తెలుగులో ఆ సౌకర్యం ఉంది. అమ్మ మాత్రం ఇప్పటికీ "అంటించారు" అనే అంటుంది. నేను ఆవిడ వ్యాకరణం దిద్దబోయి చాలాసార్లు ఆగిపోయాను.

నాన్న బాక్టీరియాని ఎవరూ దేనితోనూ పోల్చలేదు. పక్క బెడ్ ఆయనకి కూడా అదే వచ్చిందని వాళ్ళబ్బాయి లిఫ్ట్ దగ్గర చెప్పాడు.