తోపుడు బండికి తొంభై శాతం

మా లాలాపేట్‌లో ట్రాఫిక్ చలాన్ పడగానే కట్టేవాళ్లు తక్కువ. 'ఆగన్నా, డిస్కౌంట్ ఇస్తరు' అంటారు. ఇచ్చారు కూడా. 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరు చివర్లో మరోసారి పాత బకాయిలకు రాయితీ ప్రకటించారు. రెండోసారి బైకులకు, ఆటోలకు 80 శాతం, కార్లకు, లారీలకు 60 శాతం, తోపుడు బండ్లకు 90 శాతం మాఫీ.

ఆ చివరి అంకె నాకు నచ్చింది. కారున్నాయనకూ, బండి తోసుకునేవాడికీ ఒకే కొలత పనికిరాదని ఎవరికో తట్టిందన్నమాట. ఆలోచన పాతదే. మధ్యయుగాల ఇంగ్లండులో అమర్స్‌మెంట్ అనే జరిమానా ఉండేది. తప్పు చేసినవాడు రాజు దయకు లోబడ్డట్టు లెక్క. ఎంత కట్టాలో ముందే రాసిపెట్టి ఉండదు, ప్రభువు నోటికొచ్చినంత. ఆ నోటికి కళ్లెం వేసింది 1215 నాటి మాగ్నా కార్టా. తప్పుకు తగ్గట్టే వెయ్యాలి, అదీ ఇరుగుపొరుగు పెద్దమనుషులు ప్రమాణం చేసి తేల్చిన మేరకే. వర్తకుడికి సరుకు మిగలాలి, దొర కింద బతికే రైతుకు సేద్యపు సరంజామా మిగలాలి.

మన ఊళ్లలో కులపెద్దలు తప్పు కట్టించేటప్పుడూ ఇదే తంతు. ముందు పెద్ద మొత్తం చెప్పేవారు, కాళ్లావేళ్లా పడితే తగ్గించేవారు. కొలిచేది ఇక్కడా పొరుగువాళ్లే. కానీ పొరుగువాళ్లకు పగలూ ఉంటాయి. వెలి వేస్తామన్న బెదిరింపు వెనకాల పెట్టుకుని చేసే తగ్గింపును దయ అనడానికి నాకు మనసొప్పదు.

రాతలో ఉన్న రక్షణే నయం. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చూడండి. డిక్రీ బాకీ కింద జప్తుకు వచ్చినా చేతిపనివాడి పనిముట్లు ముట్టకూడదు. రైతు బతుకుతెరువుకు అవసరమని కోర్టు అనుకున్న పశువులు, విత్తనాలు, సేద్యపు సామాను కూడా అంతే. జరిమానాల దగ్గరికొచ్చేసరికి మన చట్టం ఇంత విడమర్చలేదు. మొత్తం చెప్పని నేరాలకు హద్దు లేదు గాని మితిమీరకూడదని ఊరుకుంది. ఫిన్లాండ్‌లోనైతే 1921 నుంచే రోజు సంపాదనను బట్టి జరిమానా లెక్కగట్టే పద్ధతి ఉంది.

తార్నాక చౌరస్తాలో హెల్మెట్ లేకపోతే డెలివరీ కుర్రాడికీ, క్యాంపస్ ప్రొఫెసరుకూ ఒకే చలాన్. కుర్రాడికి అది ఆ రోజు సంపాదనలో కోత, ప్రొఫెసరుకు టీ తాగుతూ చూసి వదిలేసే మెసేజ్. తూకమేదో చలాన్ రాసేనాడే ఉండాలి. రాయితీ పాత బకాయిలకే గనక, భయపడి మొదటిరోజే కట్టేసిన బండివాడికి పైసా తిరిగి రాదు.