మింగస్ పాఠాంతరం

జాజ్ స్వరకర్త, డబుల్ బేస్ వాద్యకారుడు చార్ల్స్ మింగస్ 1979 జనవరి 5న మెక్సికోలో మరణించారు. అప్పటికి ఆయన వయసు 56. ఏఎల్‌ఎస్ వ్యాధి అంతకు ముందే ఆయన చేతులను వాద్యానికి దూరం చేసింది. భార్య సూ మింగస్ ఆయన చితాభస్మాన్ని భారతదేశానికి తెచ్చి గంగలో కలిపారు. ఇక మిగిలింది ఆయన సంగీతం. దాన్ని ఎవరు, ఎలా నిలబెట్టాలన్నది అంత తేలికగా తేలే ప్రశ్న కాదు.

మింగస్ రచనాపద్ధతే ఇందుకు కారణం. 1950ల నడుమ నుంచి ఆయన తన బృందానికి కాగితం చేతికివ్వడం కన్నా పియానో మీద వినిపించి నేర్పడానికే మొగ్గు చూపారు. ఎవరి భాగాన్ని వారు తమ బాణీలో సొంతం చేసుకోవాలన్నది ఆయన ఉద్దేశం. కచేరీ మధ్యలో వాద్యం ఆపించి మళ్ళీ మొదలుపెట్టించిన సందర్భాలూ ఉన్నాయి. అటువంటి సంగీతంలో స్వరలిపి చెప్పగలిగేది సగమే. మిగతా సగం ఆ మనిషితోనే పోయినట్టు అనిపిస్తుంది.

సూ మింగస్ వాద్యకారిణి కాదు. అయినా 1979లోనే మింగస్ డైనస్టీ అనే చిన్న బృందాన్ని, 1991లో 14 మందితో మింగస్ బిగ్ బ్యాండ్‌నూ ఏర్పాటు చేశారు. న్యూయార్క్‌లో ఒక కెఫే కింది అంతస్తులో ప్రతి గురువారం ఈ బ్యాండ్ వాయించేది. మింగస్ మరణానంతరం బయటపడిన ‘ఎపిటాఫ్’ స్వరప్రతిని 1989లో గుంథర్ షుల్లర్ నిర్వహణలో లింకన్ సెంటర్‌లో వినిపించారు. రెండు గంటలకు పైగా సాగే ఆ రచనకు అటువంటి మహోత్సవం అవసరమే. కానీ ఉత్సవం ఒకనాటిది, గురువారం కచేరీ వారం వారం జరిగే సాధన. వాద్యకారులు మారుతుంటారు, ఒకరి చేతిలోని భాగం మరొకరి చేతికి వస్తుంది. పేరుకు కచేరీ అయినా పనికి అది గురుకులం.

దాని ఫలితం ‘మోనిన్’లో వినవచ్చు. 1959లో తొమ్మిది మందితో మింగస్ రికార్డు చేసిన ఈ రచనలో పెపర్ ఆడమ్స్ బారిటోన్ శాక్సఫోన్ ఒంటరిగా మూలవాక్యాన్ని ఎత్తుకుంటుంది. తక్కిన వాద్యాలు ఒక్కొక్కటే దాని మీద చేరతాయి. బిగ్ బ్యాండ్ 1993 ఆల్బమ్‌లో రానీ క్యూబర్ ఆ వాక్యానికి ముందు తాళం లేకుండా, తోడు లేకుండా స్వేచ్ఛగా విహరిస్తాడు. కర్ణాటక సంగీతం ఎరిగిన చెవికి అది కృతికి ముందు చేసే ఆలాపన. మూలంలో లేనిదే అయినా మూలానికి పరాయిది కాదు.

తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. 1847లో త్యాగరాజు గతించాక ఆయన కృతులు వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లస్థానం శిష్యపరంపరల ద్వారా వేర్వేరు పాఠాంతరాలుగా మనదాకా వచ్చాయి. సంగతుల్లో తేడాలున్నంత మాత్రాన కృతి చెడలేదు. ఆ తేడాలు కృతి చేతులు మారుతూ బతికినదనడానికి సాక్ష్యాలు.

అయితే నష్టం లేదనలేం. పాత రికార్డులో వాద్యకారులను ఉసిగొల్పే మింగస్ కేకలు వినిపిస్తాయి. ఏ క్షణాన ఏది తెగిపోతుందోనన్న ఉద్వేగం ఉంటుంది. బిగ్ బ్యాండ్ వాయిద్యంలో ధ్వని మరింత నిండుగా, అమరికగా ఉన్నచోట ఆ ఉద్వేగం సన్నగిల్లుతుంది. బ్యాండ్‌కు అసలు గండం మూలాన్ని మార్చడంలో లేదు, బాగా అలవాటైపోవడంలో ఉంది.

సూ మింగస్ 2022లో మరణించారు. బ్యాండ్ సాగుతూనే ఉంది. మింగస్‌ను ఎన్నడూ చూడనివారే ఇకపై ఆ సంగీతాన్ని నేర్పాలి. వారు 1993 నాటి ‘మోనిన్’ను కూడా యథాతథంగా అప్పజెప్పడం మొదలుపెడితే పరంపర అక్కడ ఆగుతుంది. క్యూబర్ చేసినట్టు తమ ఆలాపన తాము వెతుక్కుంటేనే అది మింగస్ సంగీతం.