‘తెంగ్రి’ పద వ్యుత్పత్తి: ధ్వనిసామ్య వాదాల పరిశీలన

ప్రవేశిక

తుర్కిక్ భాషల ప్రాచీన పదాలలో ‘తెంగ్రి’ విశిష్టమైనది. ఆకాశం, దైవం అనే రెండర్థాలనూ ఈ ఒక్క పదమే వహిస్తుంది. మంగోలియాలోని ఓర్ఖోన్ లోయలో లభించిన కుల్ తెగిన్ (క్రీ.శ. 732), బిల్గె ఖగాన్ (క్రీ.శ. 735) శాసనాలలో ఇది పలుమార్లు కనిపిస్తుంది. 1893లో విల్‌హెల్మ్ థామ్సెన్ ఆ లిపి రహస్యాన్ని ఛేదించినప్పుడు తొలుత గుర్తించిన పదాలలో ఇదొకటి. అయితే ఒక పదానికి లభించే తొలి లిఖితాధారం వేరు, దాని పుట్టుక వేరు. ఈ పదంపై వెలువడిన వాదాలను తూచడానికి ఈ భేదమే గీటురాయి.

శాసనాలకు పూర్వం

చైనా చరిత్రగ్రంథం ‘హాన్‌షు’ షియోంగ్‌ను పాలకుల బిరుదును వివరిస్తూ, వారి భాషలో ‘చెంగ్‌లి’ అంటే ఆకాశమని పేర్కొంది. దీనిని ‘తెంగ్రి’కి పూర్వరూపంగా పలువురు పండితులు గుర్తించారు. ఈ గుర్తింపును అంగీకరిస్తే పదచరిత్ర ఓర్ఖోన్ శాసనాల కంటే సుమారు ఆరు శతాబ్దాలు వెనక్కి వెళ్తుంది. షియోంగ్‌నుల భాష ఏ కుటుంబానికి చెందినదో నేటికీ వివాదాస్పదమే. కనుక ఈ ఆధారం పదం ప్రాచీనతను చాటుతుందే గాని, అది తుర్కిక్ పదమని నిరూపించదు.

సుమేరియన్ పోలిక

సుమేరియన్‌లో దేవుని తెలిపే ‘దింగిర్’తో దీనిని ముడిపెట్టే వాదం ప్రచారంలో ఉంది. వినడానికి పోలిక బలంగానే తోస్తుంది. కాని సుమేరియన్‌లో ఆకాశానికి ‘అన్’ అనే వేరే పదం ఉంది. ఒకే లిపిచిహ్నం రెండింటినీ సూచించినా పదాలు మాత్రం వేర్వేరు. ‘ఎమెసాల్’ అనే సుమేరియన్ భాషాభేదంలో ‘దింగిర్’ రూపం ‘దిమ్మెర్’. అంటే పోలికకు ఆధారమైన నడిమి హల్లే స్థిరమైనది కాదు. పైగా రెండు భాషల మధ్య రెండువేల ఏళ్లకు పైగా ఎడం ఉంది. దానిని పూరించే క్రమబద్ధమైన ధ్వన్యనురూపతలను ఈ వాదం చూపలేదు.

ఆదాన వాదం

2001లో స్టెఫాన్ గేఓర్గ్ మరో మార్గం చూపాడు. తుర్కిక్ భాషల్లో స్వరసామ్యం ప్రధాన లక్షణం. దేశ్యపదంలోని అచ్చులన్నీ సాధారణంగా నోటి ముందుభాగంలోనో, వెనుకభాగంలోనో పలుకుతాయి. కాని ప్రాచీన రూపమైన ‘తెంగ్రి’లో ముందు అచ్చులుంటే, నేటి టర్కిష్ ‘తన్రి’లో, యాకూత్ ‘తంగర’లో వెనుక అచ్చులున్నాయి. (టర్కిష్ రూపంలోని చివరి అచ్చు తెలుగు ఇకారం కాదు, వెనుక పలికేది.) వారసత్వంగా వచ్చిన పదంలో ఈ తారుమారు అసహజం. అందుకే గేఓర్గ్ దీనిని సైబీరియాలోని యెనిసియన్ భాషల్లో ‘ఎత్తైన’ అనే అర్థమున్న పదం నుండి వచ్చిన ఆదానంగా ప్రతిపాదించాడు. యెనిసియన్ భాషలకు లిఖితాధారాలు చాలా ఆలస్యంగా లభించడం ఈ ప్రతిపాదనకు పరిమితి. అయినా ఇది పదంలోని అసాధారణతకు కారణం చెబుతుంది. సుమేరియన్ వాదం ఆ ప్రశ్ననే తాకదు.

ముగింపు

ఈ చర్చ తెలుగు పరిశోధనకు దూరమైనది కాదు. 1856లో కాల్డ్వెల్ ద్రావిడ భాషలను, తుర్కిక్‌ను కూడా కలుపుకున్న ‘సిథియన్’ వర్గంలో చేర్చాడు. ధాతువుపై ప్రత్యయాలను వరుసగా చేర్చే పద్ధతి వంటి నిర్మాణ సామ్యాలు ఆయనను అటు నడిపించాయి. నేటి భాషాశాస్త్రం ఆ వర్గీకరణను అంగీకరించదు. నిర్మాణ సామ్యమైనా, ధ్వనిసామ్యమైనా అన్వేషణకు ఆరంభమే గాని నిర్ణయం కాదు. తెలుగు పదాలకు సుదూర భాషల్లో మూలాలు వెదికే పరిశోధకులు ‘తెంగ్రి’ని ఎదుట ఉంచుకోవాలి. పోలికలను కూర్చడం కంటే, పోలికకు లొంగని అంశాన్ని వివరించడమే వ్యుత్పత్తికి అసలు పరీక్ష.