విల్లుకు ముందు చెట్టు

యంత్రం కంటే చెయ్యే మేలని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో పాఠకులకు తెలుసు. ఇంగ్లిష్ పొడవు విల్లును చేత్తో చెక్కే పద్ధతిపై ఈ వారం చదివిన వ్యాసం నచ్చిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. యూ చెట్టు దుంగను నిలువుగా చీల్చి, బాగా ఆరాకే బాడిస అందుకోవాలి. విల్లు వంచినప్పుడు గురివైపు ముఖం సాగుతుంది, విలుకాడి వైపుది ఒత్తుకుంటుంది. బెరడు కింది తెల్లచెక్క సాగడాన్ని తట్టుకుంటుంది, లోపలి చేవ ఒత్తిడిని ఓర్చుకుంటుంది. రెండూ ఒకే కర్రలో ఆనుకుని ఉండటం యూ ప్రత్యేకత. ఇక చేతి పని: తాడు కట్టి కాస్త లాగడం, వంగకుండా మొండికేసిన చోట కొద్దిగా గీకడం, మళ్లీ లాగి చూడటం. ఎక్కువ గీకితే దిద్దుబాటు లేదు. (శివధనుస్సు విరిచినవాడిని అందరూ కొలుస్తారు, చేసిన విశ్వకర్మను ఆ సందర్భంలో తలిచేవాళ్లేరీ?)

కొలతలిస్తే యంత్రం ఇంకా నున్నగా కోస్తుంది కదా అనొచ్చు. కోస్తుంది. కానీ ముడి దగ్గర చెక్క నార పక్కకు తిరిగితే కొలత దాన్ని తెంపుకుంటూ పోతుంది, విల్లు అక్కడే విరుగుతుంది. చెయ్యి నార వెంట వంకరగానే వెళ్తుంది. ఫైబర్‌గ్లాస్ ఉండగా ఈ తిప్పలెందుకంటే, పోటీలకు అదే మేలు. అందులో వాదనకేం లేదు.

ఇంతవరకూ గెలుపు చేతిదే. చరిత్ర మాత్రం వేరే సంగతి చెబుతోంది. 1545లో మునిగి 1982లో బయటపడిన మేరీ రోజ్ యుద్ధనౌకలో 170కి పైగా విల్లులు దొరికాయి. అవి తీరిగ్గా చెక్కుకున్న కళాఖండాలు కావు, సైన్యానికి పెద్దమొత్తంలో చేసిన సరుకు. లండన్‌లో విల్లు చేసేవారు, బాణం చేసేవారు 1371లోనే వేర్వేరు వృత్తులుగా విడిపోయారు. అంటే పనిమంతులకు కొదవలేదు. కొదవ కర్రకు. విదేశీ వర్తకుల ఓడలు టన్ను సరుకుకు నాలుగు విల్లుకర్రల చొప్పున తేవాలని 1472లో చట్టమే చేయాల్సి వచ్చింది. ఇంగ్లండ్ గర్వంగా చెప్పుకునే విల్లుకు కర్ర చాలావరకు బయటిదే! చేతికి నేర్పితే చాలు, వృత్తి బతుకుతుందన్న వాదన ఇక్కడ నిలబడదు; ఇన్నాళ్లూ నేను చేసిన వాదన కూడా అదే. కొండపల్లి బొమ్మలవాళ్లకూ తెల్ల పొణికి కర్ర దొరకడం కష్టమవుతోంది. చేతివృత్తుల శిక్షణకు నిధులు అడిగే మిత్రులారా, ముందు పొణికి మొక్కలు నాటడానికి అడగండి.