బెత్తెడు, జానెడు, మూరెడు

పోయిన ఆదివారం మా చెరువు కట్ట మీద నా చేపను తొలిసారి తూకం వేశారు. వేసింది ఎవరో కాదు, మా అక్క కొడుకే. బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం. నేను జిలేబి చేప నోట్లోంచి గాలం తీసి బకెట్లో వేయబోతుంటే "ఉండు మామా" అని సంచిలోంచి వేలెడంత త్రాసు తీసినాడు. బ్యాటరీతో పనిచేసేది. దాని కొక్కేనికి చేపను తగిలించి, అంకెలు నిలబడేదాకా ఊపిరి బిగబట్టి చూసి, "నూట ఎనభై గ్రాములు" అన్నాడు.

అప్పటిదాకా అది జానెడు చేప.

కట్ట మీద మాకున్న కొలతలు మూడే. బెత్తెడైతే మళ్ళీ నీళ్ళలోకి, జానెడైతే కూరకు, మూరెడైతే కథకు. ఈ కొలతల్లో సుఖమేమంటే, చెయ్యి ఎవరిదో దాన్ని బట్టి మారతాయి, ఇల్లు చేరేలోపల కొంచెం పెరుగుతాయి కూడా. తప్పించుకుపోయిన దాని సంగతి ఇక చెప్పాల్సిన పనిలేదు. చచ్చిన బర్రె పగిలిన చట్టెడు పాలిచ్చేదంట. దారం తెంపుకుపోయిన చేప ఏదీ మూరెడుకు తగ్గిన దాఖలా మా ఊళ్ళో లేదు. నలభై ఏళ్ళుగా ఎవరూ ఎవరినీ తప్పు పట్టలేదు. ఇప్పుడు నూట ఎనభై అంటే ఏం చేసేది?

తనకల్లులో గాలం గురించి రాస్తున్నానంటే కోనసీమ వాళ్ళు నవ్వుకుంటారేమో. నవ్వుకోనీ. ఏడాదికి ఐదువందల యాభై మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే సీమ ఇది. నాకు గాలం కట్టడం నేర్పింది మా చిన్నాయన. అది చెరువు నిండిన ఏడు. నేర్చుకున్న విద్యను చూపించుకుందామంటే మళ్ళీ నీళ్ళు రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో. ఆ మధ్యకాలమంతా చెరువులో క్రికెట్ ఆడినాం, సర్కారు తుమ్మ నరికినాం, మేకలు మేపినాం. వెదురు కట్టె దూలాల సందులో ఇరుక్కుని ఉండేది. మాకన్నా ఓపిక కొర్రమీనుకే ఎక్కువ. ఆ చేప గాలి పీల్చుకుని బతకగలదు, నీళ్ళు ఇంకిపోతే అడుసులో దూరి వానకోసం కాచుకుంటుంది. మా రైతులకూ దానికీ ఏదో చుట్టరికం ఉందని మా చిన్నాయన అనేవాడు.

2021 నవంబరులో ఆ లెక్కలన్నీ తలకిందులైనాయి. చిత్రావతి పొంగింది, కదిరి వైపు ఇళ్ళు కూలినాయి, మనుషులు పోయినారు. ఆ దుఃఖం ఒక పక్కన ఉండగానే, ఎప్పుడూ నిండని చెరువులు మరువ పారినాయి. మరువ కింద పిల్లోళ్ళు దోమతెరలు పట్టుకుని నిలబడినారు, ఎదురెక్కే చేపలు వాటిలోకి దూకుతుంటే కేకలు. వారం తిరిగేసరికి కట్ట పొడుగునా గాలాలు. అయితే పాతికేళ్ళ కుర్రోళ్ళకు బెండు కట్టడం రాదు. నా దగ్గరికి వచ్చి "అన్నా, ఇది ఎంత పైకి కట్టాల?" అని అడిగినారు. కరువు తినేసిన వాటిలో ఈ చిన్న విద్య కూడా ఒకటని అప్పుడు తెలిసింది నాకు. అవతల హంద్రీ-నీవా కాలువలో కృష్ణ నీళ్ళు ఎత్తిపోతల మీదుగా మెట్లు మెట్లుగా ఎక్కి పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరు దాకా వచ్చినాయి. నీళ్ళు వస్తే గాలాలు వాటంతట అవే వస్తాయి.

విద్య అన్నానే గానీ, చూసేవాళ్ళకు అది కొంగజపం. చెనిక్కాయ చెక్కను నానబెట్టి, రాత్రి మిగిలిన రాగి ముద్దలో కలిపి పిసకాలి. మెత్తనైతే నీళ్ళలో జారిపోతుంది, గట్టిగుంటే చేప మూతితో పొడిచి వదిలేస్తుంది. జిలేబికి ఇదేదీ అక్కరలేదు, ఎర్ర ముక్క ఉంటే చాలు. అది 1952లో మన దేశానికి తెచ్చిన పరాయి చేప. గుడ్లను నోట్లో పెట్టుకుని పొదిగే జాతి కాబట్టి ఎక్కడ వేసినా బతికింది. పిల్లలకు మొదటి చేప అదే. మోసు అట్లా కాదు, ఎర చుట్టూ తిరిగి ఆలోచిస్తుంది. బెండు ఒక పక్కకు వాలి, లేచి, మళ్ళీ వాలుతుంది. అప్పుడు లాగితే పోయింది. బెండు నడవడం మొదలుపెట్టాల, అప్పుడు చెయ్యి తిప్పాల. జొన్నదంటు బెండైతే ఆ నడక చూడటానికి బాగుంటుంది, ప్లాస్టిక్ బెండ్లలో ఆ సొంపు లేదు. ఇది వట్టి నా పట్టుదలే కావచ్చు.

మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ అనే దొర ఇదంతా పుస్తకానికెక్కించినాడు. 1873లో "ది రాడ్ ఇన్ ఇండియా" రాసిన మనిషి, 1887లో ఒక్క చెరువు గాలం కోసమే "ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా" అని ఇంకో పుస్తకం వేసినాడు. కొండ ఏర్లలో పెద్ద చేపల వెంట పడే తెల్లోళ్ళ కాలంలో, ఊరి చెరువు పక్కన కూర్చోవడం కూడా రాయదగ్గ పనే అనుకున్నాడు. ఆ మాటకు నాకు ఆయనంటే గురి.

మా మేనల్లుడిది వేరే తోవ. వాడు నెలకొకసారి పోటీలకు పోతాడు. రెండేళ్ళ కింద నన్నూ లాక్కుపోయినాడు. బెంగళూరు అవతల ఒక ప్రైవేటు చెరువు. రుసుము కట్టి చీటీ తీయాల, చీటీలో వచ్చిన నంబరు మేకు దగ్గరే కూర్చోవాల. ఈల వేసినాక గాలం వేయాల, ఈల వేస్తే తీయాల. మధ్యలో పట్టినవన్నీ నీళ్ళలో వేలాడే వలసంచిలో ప్రాణాలతో ఉంచి, చివర్లో తూకం వేసి చెరువులోకి వదిలేస్తారు. నాకు పదిహేడో నంబరు వచ్చింది. ఊరికే చూడటానికి పోయినవాణ్ణి, ఈల వినపడగానే గుండె కొట్టుకోవడం మొదలుపెట్టింది. పదహారో నంబరు కుర్రాడి బెండు మునిగితే నా కడుపులో మండింది. వాడి ముఖం కూడా నేను సరిగా చూడలేదు. నాలుగు గంటల్లో ఏడు చేపలు పట్టినాను. ఏడు అన్నది గుర్తుంది. ఏ చేపలు, ఏ రంగు, ఏది ఎట్లా లాగింది, ఒక్కటీ గుర్తులేదు.

వాళ్ళను తీసిపారేయడానికి మాత్రం నాకు నోరు రాదు. అక్కడే ఒక పని చూసినాను. పోటీకి దిగేముందు అందరూ గాలానికి సీసం ముక్క తగిలించి నీళ్ళలోకి వదిలి, బెండును పైకీ కిందికీ జరుపుతూ అడుగు ఎంత లోతో కొలుస్తున్నారు. రెండడుగుల అవతల ఎంత, ఇవతల ఎంత. నేను ఊరికి వచ్చిన మరుసటి ఆదివారం నా రాయి మీద కూర్చుని, ఎవరూ చూడకుండా, అదే చేసినాను. చిన్నప్పటి నుంచీ కూర్చునే రాయి. ఒడ్డు నుంచి పది అడుగుల దాకా లోతు నడుముకు మించదు. ఆ తర్వాత ఉన్నట్టుండి దారం జరజరా దిగిపోయింది. అక్కడ గుంత ఉంది.

కాసేపటికి తట్టింది, అది మేము తవ్విన గుంతే. ఉపాధి హామీ పథకం మొదలైందే అప్పటి మన జిల్లాలో, 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో. తర్వాతి ఎండాకాలాల్లో మా చెరువులో పూడిక తీసినారు. ఊళ్ళో సగం మంది అక్కడే తట్టలు మోసినారు, మా ఇంటోళ్ళు కూడా. కొలతల ప్రకారం గుంత తవ్వితేనే కూలి. ఎండిన చెరువులో కూలి కోసం తవ్విన గుంతలో ఇప్పుడు మోసులు చేరి చల్లగా ఉంటున్నాయి. అన్నేళ్ళు దాని మీద గాలం వేస్తూ "ఈ చోటు నాకు కలిసొస్తుంది" అనుకున్నాను. ఎందుకు కలిసొస్తుందో చెప్పింది పోటీవాళ్ళ సీసం ముక్క.

సీసం అంటే ఇంకోటి కూడా చెప్పాల. 2022 సెప్టెంబరు 30న అమెరికాలో ఈరీ సరస్సు దగ్గర ఒక పోటీలో ఇద్దరి చేపలు చూపుకు ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ తూగినాయి. నిర్వాహకుడికి అనుమానం వచ్చి అందరి ముందూ కత్తితో కోస్తే, పొట్టల్లో సీసపు గుండ్లు, పైగా వేరే చేపల మాంసం ముక్కలు. బహుమానం దాదాపు ఇరవై తొమ్మిది వేల డాలర్లు. ఆ ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు, మరుసటి ఏడాది పది రోజుల జైలు పడింది, పడవ పోయింది. మా అల్లుడు ఆ వీడియో చూపించి సిగ్గుపడినాడు. నాకు మా కట్ట గుర్తొచ్చింది. మేమూ చేపల బరువు పెంచుతాం, నోటితో. సీసం ఖర్చు లేదు, అంతే.

పోటీల పక్షాన ఇంకొక మాట ఉంది. అమెరికాలో బాస్ చేపల పోటీలకు వ్యాపార రూపం ఇచ్చిన రే స్కాట్, 1972లో పట్టిన చేపను చంపొద్దనే నియమం పెట్టినాడు. పడవల్లో నీళ్ళతొట్లు పెట్టించి, తూకం అయినాక వదిలేయడం అలవాటు చేయించినాడు. ఉల్లాసం కోసం పట్టుకుంటామనే మనం మాత్రం దొరికినవన్నీ పులుసులోకే పంపుతాం. మన వైపు దక్షిణాన కబిని నదిలో 1946లో మైసూరు వాన్ ఇంజెన్ కుటుంబీకుడు ఒకాయన పట్టిన మాశీరు చేప నూట ఇరవై పౌనులు, అంటే యాభై నాలుగు కిలోలు. ఆ రికార్డు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. మూపుతో ఉండే ఆ కావేరి మాశీరు జాతిని 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ అంతరించే అంచున ఉన్న వాటి జాబితాలోకి చేర్చింది. రికార్డు మిగిలింది, దాన్ని బద్దలు కొట్టడానికి చేప లేదు.

పోటీ అంటే నాకు నిజంగా ఇష్టమైనది ఒకటుంది. మదురై, శివగంగ, పుదుక్కోట్టై వైపు ఎండాకాలంలో చెరువు అడుగంటినాక చేపల పండగ చేస్తారు. ఊరి పెద్ద తెల్లగుడ్డ ఊపగానే చుట్టుపక్కల జనమంతా ఊతలు, బుట్టలు, చీర కొంగులతో ఒక్కసారి దూకుతారు. ఎవరికి దొరికింది వాళ్ళది, అమ్మకూడదు, ఆ రాత్రి ఆ ఊళ్ళన్నింటిలో చేపల కూరే. తోపులాట ఉంది, కేకలున్నాయి, గెలుపూ ఓటమీ ఉన్నాయి. త్రాసు ఒక్కటి లేదు. మా ఊళ్ళో చిన్నప్పుడు చెరువు ఎండే ముందు ఇట్లాంటిదే జరిగేది. ఇప్పుడు చెరువుకు పాట కట్టిన గుత్తేదారు ఉంటాడు, పిల్లలు కొని వదిలేది ఆయన, కాపలా మనిషి ఉంటాడు. వల చూస్తే ఊరుకోడు. గాలం చూస్తే మాత్రం "ఏమప్పా, పడినాయా?" అని పక్కన కూర్చుంటాడు. గాలంతో చెరువు ఖాళీ చేసినవాడు ఇంతవరకు పుట్టలేదని ఆయనకు తెలుసు. మాకు దక్కిన గౌరవం అదే అనుకోవాల.

ఆ ఆదివారం సంగతి పూర్తి చేస్తాను. తూకం తర్వాత నేను కొంచెం ముభావంగా ఉంటే, వాడు త్రాసు సంచిలో పెట్టేసి తూము వైపు నడిచినాడు. కాసేపటికి అక్కడి నుంచి చెయ్యి ఊపినాడు. పోయి చూస్తే, జమ్ము పక్కన నీళ్ళ మీద ఎర్రగా చిన్న మచ్చ కదులుతోంది. మచ్చ కాదు, కొర్రమీను పిల్లలు. వందల్లో ఉంటాయి. అన్నీ ఒక్కసారి పైకొచ్చి గాలి పీల్చి, ఒక్కసారి దిగుతున్నాయి. వాటి కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ మచ్చ మీద కప్ప బొమ్మ వేసి లాగితే కోపంతో వచ్చి పట్టుకుంటుంది, ఏ మాత్రం నేర్పు అక్కరలేదు. పట్టినాక ఆ పిల్లలు సాయంత్రానికి ఉండవు. వాడి కడ్డీకి కప్ప బొమ్మ కట్టే ఉంది.

"కింద ఎంతదుంటుంది మామా?" అన్నాడు మెల్లగా.

"మూరెడు పైనే."

"చూసినావా?"

"చూడలా."

వాడు నవ్వి, కడ్డీని కట్ట మీద రాళ్ళకు ఆనించి గొంతుక్కూర్చున్నాడు. ఎర్ర మచ్చ జమ్ములోకి పోయేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. ఆ తర్వాత మా అక్క ఫోను చేసింది, పులుసుకు చింతపండు నానేసినాను, చేపలు ఎన్ని వచ్చినాయి అని. వాడు బకెట్టు వైపు చూసి, "నాలుగు మా. జానెడు, జానెడు ఉంటాయి" అన్నాడు.